రొయ్యల వాసన బనీను

తిరిగొచ్చాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఎడమకాలి చివరి రెండు వేళ్ళు మాత్రం నాతో రాలేదు, వాటిని నేపాల్లో ఒక ఆసుపత్రిలో తీసేశారు. కలిసినవాళ్ళందరికీ కొండ గురించే కావాలి. పైన ఊపిరాడుతుందా, ఫొటోలున్నాయా, భయమెయ్యలేదా అని అడుగుతారు. కొండ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మంచు, చలి, ముందు నడిచేవాడి బూటు మడమలు, అంతే. నాకు బాగా గుర్తున్నవి వెళ్ళేముందు విశాఖపట్నంలో గడిచిన ఆఖరి వారాలు.

పాతనగరంలో హార్బరుకి దగ్గర్లో ఒక సందులో మా ఇల్లు. నేనూ అమ్మా ఉంటాం. నాది ఉక్కు కర్మాగారంలో టెక్నీషియన్ ఉద్యోగం, కొలిమి దగ్గర వేడినీ వాయువునీ కొలిచే పరికరాలు చూసుకుంటాను. అంతకుముందు హిమాలయాల్లో చిన్న కొండలు రెండు మూడు ఎక్కాను. ఈసారిది ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండ, పరాయి దేశం, గైడు లేనిదే అడుగు వెయ్యనివ్వరు. ఫ్యాక్టరీలో నా తోటివాళ్ళు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నీ పని అని నవ్వేవారు. అమ్మ నవ్వేది కాదు. "ఉట్టికెక్కలేనమ్మ సొర్గానికెక్కిందంట" అని గిన్నెలు తోముతూ గోడకి చెప్పేది.

ఎందుకు ఎక్కుతావని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇక్కడ ఒక్కసారి చెప్పేస్తాను, మళ్ళీ అడగొద్దు. నాకు సముద్రమంటే అసహ్యం. నీటికి ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలని నా చిన్నతనం నుంచీ కోరిక, పైకి పోవడమే నాకు తెలిసిన దారి.

మా నాన్న చేపల బోటు మీద ఇంజన్ డ్రైవరు. నేను ఏడో తరగతిలో ఉండగా బోటు తిరగబడింది. పైన ఉన్నవాళ్ళు దూకి బతికారు, నాన్న కింద ఇంజన్ దగ్గర ఉన్నాడు. కబురు తెలిశాక అమ్మ జెట్టీ మీద పడి, మనిషి పోతే పోయేడు, శవాన్నైనా తెచ్చియ్యండని అరిచింది. ఆ అరుపులు భరించలేక మా చిన్నాన్న ఇంకొంతమందిని వెంటేసుకుని అదే గాలిలో మళ్ళీ సముద్రం మీదకి వెళ్ళాడు. నాన్న దొరకలేదు. చేతికి చుట్టుకున్న తాడు విసురుగా బిగుసుకుని చిన్నాన్న కుడిచేతి వేళ్ళు నాలుగూ పోయాయి, బొటనవేలు మిగిలింది. తరవాత ఆయన్ని ఏ బోటువాళ్ళూ పిలవలేదు. ఫిషింగ్ హార్బర్లో ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో కాపలా పనికి కుదిరాడు, ఇప్పటికీ అక్కడే.

శవం లేకుండా ఏం పాతిపెడతాం? సమాధుల తోటలో మా తాతగారి గొయ్యి తవ్వించి, నాన్న బట్టలు శవపెట్టెలో పెట్టి దించుదామని పెద్దవాళ్ళన్నారు. ఆయన ఒంటి మీంచి విడిచిన బట్టలు తెమ్మన్నారు. అమ్మ ఇల్లంతా వెతికింది. మా వీధిలో అమ్మ ఉతుకుడుకి పేరు. నాన్న తెచ్చే డీజిలు వాసన, చేపల వాసన ఇంట్లో ఒక్క పూట ఉండనిచ్చేది కాదు. ఆయన బోటెక్కిన మర్నాడే చొక్కాలు, లుంగీలు, తువ్వాళ్ళు, ఆఖరికి దిండుగలీబు కూడా నానబెట్టి, బాది, నీలం పెట్టి ఆరేసేసింది. విడిచిన బట్ట ఒక్కటీ మిగల్లేదు. బాగా ఉతికి మడతపెట్టిన చొక్కా ఒకటి పెట్టెలో పెట్టి పాస్టరుగారి చేత ప్రార్థన చేయించారు. ఇంటికొచ్చాక అమ్మ నాతో అన్న మాట ఒకటే. "మీ నాన్నని కాదే, సబ్బు వాసన్ని పాతెట్టేసి ఒచ్చేం."

తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఉతకడం మానలేదు.

కొండ సంగతికొస్తాను. నన్ను తీసుకెళ్ళాల్సిన గైడు నేపాలీ, నడివయసువాడు, హిందీలో మాట్లాడతాడు. వారానికోసారి ఫోన్ చేసి ఏం చేస్తున్నానో అడిగేవాడు. మెట్లెక్కడం సరే, బరువు మొయ్యడం సరే, మందపాటి చేతితొడుగులు వేసుకుని తాడుకి కొక్కెం తగిలించడం, తియ్యడం చలిలో అలవాటు చేసుకోమన్నాడు. పైన ఒక్కసారి తొడుగు విప్పితే వేళ్ళు పోతాయని చెప్పాడు. బాగానే ఉంది, మా ఊళ్ళో చలి ఎక్కడ దొరుకుతుంది? డిసెంబర్లో కూడా ఫ్యాను ఆపని ఊరు మాది.

చిన్నాన్న చెవిన పడితే తేలిగ్గా తీసిపారేశాడు. "దానికేటమ్మా, మా రొయ్యల గదిలోకి ఒచ్చీ. కావాల్సినంత సలి. ఒళ్ళు కొరికేత్తాది."

యజమాని నవ్వి ఒప్పుకున్నాడు. లోడింగ్ అయిపోయాక సాయంత్రాలు వెళ్ళేదాన్ని. రొయ్యల పెట్టెలు కప్పుదాకా పేర్చిన గది, గోడలకి గరుకుగా పట్టిన మంచు, నెత్తిమీద హోరున తిరిగే పంకాలు. ఇనప స్తంభాల మధ్య తాడు కట్టి, ఒంటికి ఉన్నితో చేసిన చలి బనీను, పైన లావాటి కోటు వేసుకుని కొక్కెం తగిలించడం, జరగడం, తియ్యడం, మళ్ళీ తగిలించడం. అంత చలిలోనూ లోపల చెమట పట్టేది. చిన్నాన్న ఉలెన్ టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. లోపల నేనుండగా ఎవరైనా తలుపు వేసేస్తారేమోనని ఆయన భయం. ఇంటికి వెళ్తుంటే ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవారు.

ఒకరోజు తాడుని స్తంభానికి పైన కట్టి, దాని మీద కిందకి దిగడం అలవాటు చేసుకుంటున్నాను. తాడుని చేతికి ఒక చుట్టు చుట్టి ఒరిపిడి మీద దిగే పద్ధతి ఒకటుంది, కొండల మీద అందరూ చేస్తారు. చుట్టు వేశానో లేదో చిన్నాన్న పరిగెత్తుకొచ్చి తాడు లాగేశాడు.

"సేతికి సుట్టకు. ఎన్నిసార్లు సెప్పాలి నీకు?"

"ఒక్కసారీ సెప్పనేదు సిన్నాన్నా. ఇది బోటు తాడు కాదు, దీన్ని ఏ యంత్రమూ లాగదు. అక్కడందరూ ఇలగే దిగుతారు."

"అందరూ దిగితే దిగనీ. నా ముందర సుట్టకు."

నాకూ కోపమొచ్చింది. నీ చేతికైందని నాకూ అవ్వాలా అనేశాను. ఆయన తలుపు దగ్గరకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. నా నోరు అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది, ఏ ఊళ్ళోనూ నాకు మంచి జరిగింది లేదు.

బయలుదేరడానికి ఇంకో పది రోజులుందనగా గైడు అసలు మాట అడిగాడు. మాటలు నమలకుండా అడిగాడు. చివరి క్యాంపుల పైన మనిషి పోతే శవాన్ని దించడం చాలా కష్టం. దించాలంటే కొంతమంది ప్రాణానికి తెగించి ఎక్కాలి. నువ్వేం కోరుకుంటున్నావు, నీ ఇంట్లోవాళ్ళేం కోరుకుంటున్నారు?

నాకేదైనా ఫరవాలేదని చెప్పాను. నీ సంగతి సరే, మీ అమ్మగారి నోటితో వినాలి అన్నాడు. వెనకొకసారి ఒక కుటుంబంవాళ్ళు ముందు వదిలెయ్యమని, తరవాత తెచ్చి తీరాలని ఏడిచారట. తనవాళ్ళు కొందరు వెళ్ళారట. ఆ వెళ్ళినవాళ్ళలో ఒకడు దిగలేదట. అప్పటినుంచీ ఇంట్లో పెద్దవాళ్ళ జవాబు తన చెవులతో విననిదే ఎవరినీ తీసుకెళ్ళడం లేదని చెప్పాడు. "మీ అమ్మ ఏమన్నా సరే దీదీ, తెమ్మన్నా సరే, వద్దన్నా సరే. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నువ్వు రావద్దు."

అమ్మ చెప్పదు. అడిగిన ప్రతిసారీ పొయ్యి మీద ఏదో మాడిపోతూ ఉండేది.

"అమ్మా, ఆ గైడుకి ఏటి సెప్పమంటావు?"

"కూరలో ఉప్పు సూడు ముందు."

"ఉప్పు సరిపోయింది. నాను అడిగిందానికి సెప్పు."

"ఎల్లేది నువ్వు. అడిగేది నన్నా?"

ప్రార్థన కూడిక పెట్టించింది. సంఘంలో ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చుని నా ప్రయాణం కోసం పాడారు. పాటలు ప్రయాణానికి పాడుతున్నట్టు లేవు, శవపెట్టె ముందు పాడుతున్నట్టున్నాయి. ఒకావిడ నన్ను కావిలించుకుని, అంతా ప్రభువు చిత్తం తల్లీ అని కళ్ళొత్తుకుంది. టీలు, బిస్కెట్లు అయ్యాయి. అమ్మ అందరినీ సాగనంపి, చాపలు దులిపి, ఆ చాపలు కూడా ఉతకడానికి పట్టుకుపోయింది. జవాబు మాత్రం లేదు. తను ఏదో ఒకటి చెప్పనంతవరకూ నేను కదల్లేనని ఆవిడకి తెలుసు. నన్ను ఆపడానికే ఈ మౌనమని నాకు ఒళ్ళు మండిపోయేది.

సామాను సర్దేరోజు హాలంతా పరిచాను. బూట్లు, తొడుగులు, కళ్ళద్దాలు, మందులు. చలి బనీన్లు రెండుండాలి, ఒకటే ఉంది. ఒకటి చెమటకి తడిస్తే రెండోది లేనిదే పైన బతకలేం. కోల్డ్ స్టోరేజీకి వేసుకెళ్ళిందే కనబడటం లేదు.

"అమ్మా, నా సలి బనీను ఏదీ?"

"నాను సూడనేదు."

"నీ సబ్బు పిచ్చితో ఏ బకెట్లో ముంచీసావో సూడు. అది వేణ్ణీళ్ళలో పెడితే సిన్నపిల్లలకి కూడా పట్టదు."

"నాను సూడనేదంటన్నాను కదే."

అమ్మ అబద్ధం చెప్పడం నేను ఎరగను. అందుకని వీధినీ, ఆటోవాళ్ళనీ, పక్కింటివాళ్ళనీ తిట్టాను. ఆవిడ చేపలకని బయటికి వెళ్ళాక ఇల్లు తిరగేశాను. బీరువాలో అడుగున, క్రిస్మస్ చీరల కింద, పాలిథీన్ కవరు కనబడింది. దానికి గట్టి ముడి. లోపల ఇంకో కవరు, దానికీ ముడి. విప్పగానే రొయ్యలు, పాత చెమట, కోల్డ్ స్టోరేజీ గాలి, అన్నీ కలిసి ముక్కుకి కొట్టాయి.

ఉతకడం మర్చిపోయిందనే అనుకున్నాను. చేతిరుమాలు కూడా రాత్రయ్యేలోగా నానబెట్టేసే మనిషి, ఇలాంటి కంపుకొట్టే దాన్ని పట్టుచీరల కింద ఎందుకు పెట్టింది? అప్పుడు అర్థమైంది. బీరువా ముందే కూర్చున్నాను.

నాకు మొదట వచ్చింది కోపమే. నేనింకా ఇంట్లో అన్నం తింటూ తిరుగుతుండగానే నన్ను పాతిపెట్టడానికి సిద్ధం చేసుకుందే అని కోపం. నోరు తెరిచి నాలుగు దులిపేద్దామని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కోపం చల్లారి ఏడుపొచ్చింది. ఆవిడ నా శవం వస్తుందని నమ్మడం లేదు. వచ్చేది ఉంటే బనీను దాచుకోవలసిన పని లేదు. కవరు లోపల కవరు పెట్టి, ఉన్న ముడులు ఉన్నట్టే వేసి, చీరల కింద పెట్టేశాను. చేపలు పట్టుకుని వచ్చాక, ఇంకోటి కొనుక్కుంటాలే అని చెప్పాను. నా మొహంలోకి చూడకుండా మంచిదంది. ఊరంతా తిరిగినా ఆ రకం దొరకలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి నుంచి వచ్చాం. చిన్నాన్న భోజనానికి వచ్చాడు. రొయ్యల గదిలో నేనన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వంజరం చేపల పులుసు వడ్డిస్తుండగా గైడు వీడియో కాల్ చేశాడు. అదే ఆఖరి గడువు. నేను అమ్మని అడక్కుండానే ఫోనుని నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టాను. గైడు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. అమ్మ తడిచేతుల్ని కొంగుకి తుడుచుకుని దణ్ణం పెట్టింది. ఆవిడకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. మధ్యలో నేనే.

అతను అడిగినదంతా నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఈసారి పొయ్యి వైపు వెళ్ళలేదు.

"కిందకి తేవాలంటే ఎంతమంది ఎల్లాల అడుగు."

అడిగాను. ఆరుగురో ఎనమండుగురో అన్నాడు. గాలి బట్టి ఉంటుందన్నాడు.

"ఆల్లకి తల్లులున్నారా?"

అడిగాను. ఎక్కువమందికి ఉన్నారన్నాడు. తన తల్లి కూడా ఊళ్ళో ఉందన్నాడు.

అమ్మ చిన్నాన్న వైపు చూసింది. ఆయన ఎడమచేత్తో తింటూ, పళ్ళెం కదలకుండా కుడిచేతి బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"అలగ సూడకు వదినా," అన్నాడు చిన్నాన్న. "ఆ పొద్దు నువ్వు పంపనేదు. నానే ఎల్లేను."

"నాను ఏడిసేను కాబట్టి ఎల్లేవు."

"నువ్వేడవకపోయినా ఎల్దును. మా అన్న ఆడు."

అమ్మ నావైపు తిరిగింది. "ఆ బాబుకి సెప్పు. దీనికేటన్నా అయితే అక్కడే ఒగ్గీమను. దీనికోసం ఎవుల్నీ ఎక్కించొద్దను. తరవాత నాను ఫోన్లో ఏడిసినా, కాళ్ళు పట్టుకున్నా, నా మాట ఇనొద్దని కూడా సెప్పు."

గైడు ఎదురుచూస్తున్నాడు. నేను హిందీలో, మీకెలా తోస్తే అలా చెయ్యమంటోంది అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. అమ్మ చెప్పిన మాట నా నోటితో పలకలేకపోయాను.

గైడు నమ్మలేదు. ఆవిడ చాలా చెప్పారు కదా అన్నాడు. బోట్ల మీద తిరిగిన కాలంలో చిన్నాన్నకి హిందీ వచ్చింది. ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"వదిన సెప్పింది అది కాదు కదమ్మా. సరిగ్గా సెప్పు."

"నువ్వే సెప్పు సిన్నాన్నా."

"నాను సెప్పను. ఎల్లేదానివి నువ్వు సెప్పు."

చెప్పాను. నాకేమైనా అయితే నన్నక్కడే వదిలెయ్యమంటోంది అన్నాను. ఎవరినీ పంపొద్దంటోంది. తరవాత తను ఏడిచినా వినొద్దంటోంది. గైడు తల వంచుకుని విన్నాడు. అమ్మకి మళ్ళీ నమస్కారం పెట్టి, తీసుకెళ్తాను అన్నాడు. ఫోను పెట్టేశాం.

"ఏటన్నాడు?"

"తీసుకెల్తానన్నాడు."

"సరే. పులుసు సల్లారిపోనాది, తినండి." తను మాత్రం తినలేదు. అంట్లగిన్నెలు ముందేసుకుని చాలాసేపు తోముతూ కూర్చుంది.

నన్ను ఆపడానికే మాట దాచుకుందని అన్నాళ్ళూ అనుకున్నాను. నా కూతుర్ని వదిలెయ్యండి అనడానికి ఒక తల్లికి కొన్ని రోజులు పడుతుందని నాకు తట్టలేదు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం అమ్మ పక్క వీధిలో ఎవరో జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్ళింది. నేను బీరువా తీసి, ముడులు విప్పి, ఆ బనీను బయటికి తీశాను. అప్పటికి వాసన సగం పోయింది. రొయ్యల వాసనే మిగిలింది, నాది పల్చబడింది. ఉతికిన చొక్కాని పెట్టెలో దించుతుండగా అమ్మ మొహం ఎలా ఉందో గుర్తొచ్చింది.

బనీను తొడుక్కున్నాను. పైన మామూలు చొక్కా వేసుకుని మా ఇంటికి దగ్గర్లో ఉన్న చర్చి కొండ ఎక్కాను. ఏప్రిల్ ఎండ. ఉన్ని బనీనుతో ఆ ఎండలో నడిచేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ ఉండరు. ఎక్కి దిగాను, మళ్ళీ ఎక్కాను. కింద హార్బరు, క్రేన్లు, అటుపక్క ఆ దిక్కుమాలిన సముద్రం. జనం వింతగా చూశారు. కళ్ళు తిరిగేదాకా, బనీను ఒంటికి అంటుకుపోయేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. బీరువా తలుపు నేను వేసి వెళ్ళలేదు, కవర్లు మంచం మీదే ఉన్నాయి. లోపలికి వెళ్ళి బనీను విప్పి, తడిగానే ఉండ చుట్టి, తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఉతక్కమ్మా," అన్నాను.

అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మొహం దగ్గరకి తీసుకెళ్ళలేదు, నా ముందు ఎందుకనుకుందేమో.

"మరి అక్కడ ఆ ఒక్కటీ తడిస్తే ఏటి సేత్తావు?"

"ఒకటి సాలు."

అమ్మ మంచం మీద కూర్చుని బనీనుని కవర్లో పెట్టింది, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టింది. ముడి వేస్తుంటే జారిపోయింది. నేను వెళ్ళి కవరు అంచులు పట్టుకున్నాను, ఆవిడ ముడి వేసింది.